పెట్టెలో పడేదాకా

"సీట్ బెల్ట్," అన్నాడు విశ్వనాథం, ఉమామహేశ్వరి బెల్టు పెట్టుకుని అప్పటికే చాలాసేపయ్యాక. ఈ దేశం వచ్చినప్పట్నుంచీ అదే మాట, అదే గొంతు, ఒక్కసారైనా బెల్టు వంక చూసి అన్న పాపాన పోలేదు. ఆవిడ ఒళ్ళో రెండు కవర్లున్నాయి. పోస్టులో ఇంటికొచ్చిన ఓటు కాయితాలే, ఒకటి ఆయన ఓటు, ఒకటి తన ఓటు. రెండూ నింపింది ఆయనే, రెండూ అంటించింది ఆయనే, తన కవరు మీద సంతకం మటుకు తనది. సిటీ హాల్ బయట ఇనప పెట్టె ఉంది, ఇవాళే పోలింగ్, చీకటి పడేలోగా వీటిని అందులో వెయ్యాలి. ఆయనకి మందుల షాపులో బీపీ మాత్రలు తెచ్చుకునే పని ఉంది కాబట్టి పనిలో పనిగా ఓట్లు కూడా అయిపోతాయి. ఈయనగారి లెక్కలో తనకి సంబంధించింది ఏదైనా అంతే, ఎప్పుడూ ఇంకో పనికి వెళ్ళే దారిలోనే ఉంటుంది. గుడి అయితే కాస్ట్‌కోలో సరుకులు తెచ్చే దారిలో, కళ్ళ డాక్టరు అయితే ఆయిల్ మార్చే దారిలో. తన కోసమే బయల్దేరిన కారు ఏదైనా ఉందా అని వెతికితే ప్రసవానికి వెళ్ళినరోజు ఒక్కటి కనిపించింది, ఆ రోజు కూడా మధ్యలో ఆగి పెట్రోలు కొట్టించాడు.

వాన సన్నగా పడుతోంది. మే నెల వచ్చినా ఈ ఊళ్ళో ఎండకి మొహమాటమే. వైపర్లు అక్కర్లేనంత వానకి ఆయన వైపర్లు వేశాడు, అవి గాజు మీద కీచుకీచుమంటున్నాయి, ఆయనకి వినపడదు, తనకి పళ్ళు పులుస్తున్నాయి. ట్వెల్వ్ మైల్ రోడ్డు మలుపులో గడ్డి మీద వరసగా బోర్డులు. నీలం మీద తెల్లటి అక్షరాలతో జగన్మోహన్ పేరు, పేరు పక్కన వాడి నవ్వు. కౌంటీ కమిషనర్ ఎవరో మధ్యలో రాజీనామా చేసిపోతే ఆ ఖాళీకి వచ్చిందీ ఎన్నిక. ఓటు కాయితం మీద ఉన్నవి రెండే సంగతులు. పైన కమిషనర్ సీటుకి ఇద్దరు, మన జగన్మోహనూ ఒక తెల్లావిడా. కింద బస్సు. ఇంటి పన్నులో ఇంకాస్త కలిపి వసూలు చేసి, ఇప్పుడు ఊరి అంచునే తిరిగిపోతున్న కౌంటీ బస్సుని ఈ లోపలి రోడ్లకి కూడా తీసుకురావాలా వద్దా అని. విశ్వనాథం రెండు కాయితాల మీదా జగన్మోహన్ ఎదురుగా గడి నింపాడు, బస్సుకి వద్దని గడి నింపాడు. ఎక్కడా గీత దాటలేదు. ఉద్యోగమంతా కార్ల కంపెనీలో తలుపుల గొళ్ళేలకి డ్రాయింగులు గీసిన చెయ్యి కదా మరి, నీటుగా ఉంటుంది.

"జగన్ రాత్రి ఫోన్ చేశాడు," అన్నాడాయన. "మీ ఇంట్లో రెండు ఓట్లు లెక్కలో వేసేసుకున్నా అన్నయ్యా అన్నాడు."

వేసుకుంటాడు, ఎందుకు వేసుకోడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇచ్చేవాడు ఇస్తుంటే పుచ్చుకునేవాడికేం నొప్పి. ఈ నింపుడు ఎలా మొదలైందో ఆవిడకి బాగా గుర్తు, మొదలుపెట్టింది తనే కావడం మరీ మంట. సిటిజన్‌షిప్ పరీక్షకి ప్రశ్నలన్నీ గోరింటాకు పెట్టుకున్న చేతులతో కూడా బట్టీ పట్టింది, ఆయన రెండుచోట్ల తడబడ్డాడు, తను తడబడలేదు. చెయ్యెత్తి ప్రమాణం చేసొచ్చాక మొదటి ఓటు కాయితం పోస్టులో వస్తే తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. ఆ ఆదివారం ఇంటికి భోజనాలకి జనం. గారెలు వేస్తుంటే ఆయన వచ్చి నీ కాయితం ఎక్కడుందే అన్నాడు. చేతుల నిండా పిండి. "మీరే నింపెయ్యండి," అంది. అంతే. ఆ పిండి చేతులు ఇప్పటిదాకా కడుక్కోలేదు. అప్పట్నుంచీ ప్రతిసారీ అదే తంతు. ఇడ్లీలు తిన్నాక బల్ల తుడిపిస్తాడు, పాత పేపరు పరుస్తాడు, ముందు తన కాయితం నింపుకుంటాడు, తర్వాత దాన్ని పక్కన పెట్టుకుని చూస్తూ ఆవిడది నింపుతాడు, ముగ్గు చూసి ముగ్గు దింపినట్టు. "నీదీ నాదీ ఒకటే కదా," అంటాడు. ఇవతల పెట్టి "సంతకం" అంటాడు. ఈ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళల్లో చాలా వాటిలో ఇదే వరస. తలా ఒకటి వండి తెచ్చుకునే పాట్‌లక్కుల్లో ఆడవాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు, మా ఆయనే వేసేస్తారండీ నాకా గొడవ తెలీదు అని. మంచు ఎత్తిపోయడం, టైర్లలో గాలి చూడడం, పెళ్ళాం ఓటు వెయ్యడం. మగవాళ్ళ పనులు.

ఎర్ర దీపం పడింది. ఆయన వేళ్ళతో స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు, ఏ పాటకీ సంబంధం లేని తాళం. "అయినా మనకెందుకే బస్సు? ఇంట్లో రెండు కార్లుంటే." ఉన్నాయి, నిజమే. ఆ రెండోది ఆవిడదే, గరాజ్‌లో ముసుగేసుకుని పడుకుని ఉంది, శవానికి కప్పినట్టు ఆయనే గుడ్డ కప్పాడు. ఆదివారం ఆదివారం ముసుగు తీసి, ఇంజన్ వేసి, బ్యాటరీ పోకుండా కాసేపు గుర్రుమనిపించి మళ్ళీ కప్పేస్తాడు. కారుకున్న భోగం. రెండేళ్ళ కిందట ఎడమ కన్ను పక్కచూపు తగ్గిందన్నాడు డాక్టరు, నీటికాసులట. చుక్కలు వేసుకోండి, రాత్రిళ్ళు డ్రైవ్ చెయ్యకండి, పగలు నడపాలంటే ఓసారి టెస్టుకి వెళ్ళి చూపించుకోండి అన్నాడు, అంతే అన్నాడు, తను చెవులారా విన్నది. ఆ వారమే మంచులో వెనక్కి తీస్తూ పక్కింటివాళ్ళ పోస్టు డబ్బా కొట్టింది. డబ్బా వంగింది. పక్కింటాయన నవ్వి ఊరుకున్నాడు. ఈయన నవ్వలేదు. తెల్లారేసరికి కొక్కేనికి తాళంచెవి లేదు. కొడుకు కౌస్తుభ్ కాలిఫోర్నియా నుంచి ఫోన్‌లో, "అమ్మా, నాన్న చెప్పింది కరెక్టే, వై టేక్ ద రిస్క్?" అన్నాడు. టెస్టుకి తీసుకెళ్ళమని ఆవిడ అడిగితే చూద్దాం అన్నాడు విశ్వనాథం, చూద్దాం చూద్దాం అంటూనే లైసెన్సు గడువు దాటించాడు, దాటాక మటుకు ఎంత శ్రద్ధో, వెంటబెట్టుకుని వెళ్ళి ఐడీ కార్డు ఇప్పించాడు. చూడ్డానికి లైసెన్సులాగే ఉంటుంది. పనికిరాదు. టెస్టుకి కుదరని కారు కార్డుకి కుదిరింది.

పక్క లేన్‌లో నీళ్ళు చిమ్ముకుంటూ ఒక కారు, అద్దానికి జగన్మోహన్ స్టిక్కరు. వీడి మొహం ఎక్కడ చూసినా. ఇప్పుడంటే గుండ్రంగా, నున్నగా ఉంది గానీ వాడు మొదటిసారి గుమ్మంలోకి వచ్చినప్పుడు చూడాలి. డెట్రాయిట్‌లో చదువుకునేవాడు, చలికోటు కూడా సరైంది లేదు, ఎవరిదో పాతది, చేతులు పొట్టి. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఎలా వచ్చేవాడు? బస్సులో. రెండు బస్సులు మారి, చివరి స్టాపులో దిగి, అక్కడ్నుంచి కాలిబాట కూడా లేని రోడ్డు పక్కన మంచులో పడి నడిచి వచ్చేవాడు. ముక్కు ఎర్రగా, బూట్లు తడిసి, చెవులు పట్టుకుని నిలబడేవాడు. "వదినా, బస్సు లేట్ అయింది, అన్నం ఉందా?" అనేవాడు. బస్సు లేటయిన రోజు అన్నం మళ్ళీ వండేది. ముద్దపప్పు, ఆవకాయ, ఇంత నెయ్యి. తలొంచుకుని తినేవాడు. వెళ్ళేప్పుడు డబ్బాలో కట్టి ఇస్తే బస్సులో వాసన వస్తుంది వదినా అని సిగ్గుపడుతూనే పట్టుకెళ్ళేవాడు. మొన్న ఆ జగన్మోహనే తమ హాల్లో, తన సోఫాలో, తను చేసిన మిరపకాయ బజ్జీ కొరుకుతూ పాతికమందికి చెప్పాడు: "చూడండీ, బస్సు అంటే బస్సు ఒక్కటే రాదు. బస్సెక్కి ఎవరెవరో వస్తారు. మన సబ్‌డివిజన్‌లోకి, మన ఇళ్ళ మధ్యకి, మన స్కూళ్ళ దగ్గరికి. సేఫ్టీ ముఖ్యమా కాదా?" అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఆవిడ బజ్జీల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఎవరెవరో అంటే ఎవర్రా? ఆ ఎవరెవరోలో మొదటివాడివి నువ్వే కదరా. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి వినడమే గానీ, తన చేతి బజ్జీ తింటూ తగలేసేవాణ్ణి అదే మొదటిసారి చూడడం. "ఏంటి వదినా, ఇవాళ కారం తక్కువేశారు," అని నవ్వాడు. వేసి ఉండాల్సింది.

పోనీ ఆ రెండో ఆవిడకి వేద్దామా అంటే ఆవిడ ఒక ఘటం. నెల కిందట తలుపు కొట్టింది. చేతిలో కాయితాలు, మెళ్ళో బిళ్ళ, మొహం నిండా పళ్ళు. బస్సు కావాలనే మనిషే. తలుపు తీసిన ఉమామహేశ్వరిని కిందికీ పైకీ చూసి, భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తూ, నెమ్మదిగా, గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, మీ ఆయన ఇంట్లో ఉన్నారా అని అడిగింది. పోస్టు డబ్బా సంగతి పక్కింటాయనతో ఇంగ్లీషులోనే మాట్లాడుకున్న మనిషిని, పరీక్షలో ఒక్క ప్రశ్న తప్పని మనిషిని. లేరంది. అయితే మళ్ళీ వస్తాను అని వెళ్ళిపోయింది. ఒక్క కాయితమైనా తన చేతిలో పెట్టలేదు. వీళ్ళందరికీ ఈ ఇంట్లో ఓటున్నది ఎవరికో బాగా తెలుసు.

కారు ఆర్చర్డ్ లేక్ రోడ్డు ఎక్కింది. దూరంగా విజయశ్రీని పెట్టిన ఫిజియోథెరపీ ఆస్పత్రి ఇటికల గోడ కనిపిస్తుందేమో అని మొహం తిప్పుకుంది, అక్కణ్ణుంచి కనిపించదని తెలిసి కూడా. విజయశ్రీ. ఈ ఊళ్ళో తనని ఒసేయ్ అని పిలిచిన ఒకే ఒక మనిషి. మొగుడు పోయాక ఇంట్లో కూర్చోకుండా ఎన్నికల రోజున సిటీ హాల్లో పోలింగ్ పనికి వెళ్ళేది, నేత చీర, కింద నడక బూట్లు, మెళ్ళో కార్డు, డబ్బాలో నిమ్మకాయ పులిహోర తోటి పనివాళ్ళకి కూడా. ఓసారి ఫోన్‌లో చెప్పింది. "ఒసేయ్ ఉమా, కవరు అంటించినా, సంతకం పెట్టినా, పెట్టెలో పడేదాకా ఆ ఓటు నీదేనే. పోలింగ్ రోజు ఆ కవరు పట్టుకుని నా బల్ల దగ్గరికి రా. అది కొట్టేసి కొత్త కాయితం ఇస్తాం. రూలే అది." "అలా ఎవరైనా వస్తారా?" అని అడిగింది తను. "రారు," అంది విజయశ్రీ. "అందరూ బయట పెట్టెలో పడేసి పోతారు, కారు ఆపకుండా." జనవరిలో ఆ విజయశ్రీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట సగం. పెద్దాస్పత్రి నుంచి ఈ ఫిజియోథెరపీ ఆస్పత్రికి మార్చారు, ఇంటి నుంచి కారులో పదిహేను నిమిషాలు. వారానికోసారి తీసుకెళ్ళేవాడు విశ్వనాథం, ఏదో పని దారిలో. బస్సు ఉంటే నేనే వచ్చేదాన్ని కదే అంటే, విజయశ్రీ వంకర మూతితో నవ్వి, ఎడమ చేత్తో తన చెయ్యి నొక్కేది.

విజయశ్రీ కూతురు అంకిత టెక్సస్‌లోని ప్లేనో నుంచి వచ్చింది, అమ్మని తీసుకెళ్ళిపోతాను ఆంటీ, ఈ శనివారం సాయంత్రం ఫ్లైట్, అంది. ఆ శనివారమే జగన్మోహన్ బోర్డులు పాతడం. పొద్దున్నే పెసరపప్పు పాయసం మెత్తగా కాచి, గొంతు దిగాలి కదా, గ్లాసు డబ్బాలో పోసి, చెప్పులేసుకుని వరండాలో కూర్చుంది. "అరగంటలో వస్తా," అన్నాడు విశ్వనాథం. మళ్ళీ ఫోన్ చేస్తే, "ఇదిగో, ఈ వీధి అవగానే." మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎవర్నైనా అడుగుదామంటే మనవాళ్ళందరూ అక్కడే ఉన్నారు, సుత్తులు పట్టుకుని. ఫోన్‌లో అద్దె కారు పిలుద్దామని నొక్కితే బ్యాంకు కార్డు నంబరు సరిచూడాలంది, సరిచూసే అంకెలు ఆయన ఫోన్‌కి వెళ్ళాయి, ఆయన ఫోన్ ఎత్తడు. నడుస్తానని రోడ్డు దాకా వెళ్ళింది కూడా. కార్లు చెవి పక్కనుంచి హోరుమని పోతున్నాయి, ఎడమవైపు వచ్చేవి కనిపించవు. వెనక్కొచ్చింది. చీకటి పడ్డాక వచ్చాడు, మట్టి చేతులతో, "అబ్బ, నడుం పడిపోయింది, టీ పెట్టు," అంటూ. పాయసం డబ్బా వంక చూసి, "రేపు వెళ్దాంలే," అన్నాడు. ఏ రేపు? ఇప్పుడు అంకిత ప్లేనోలో ఫోన్ వాళ్ళమ్మ చెవి దగ్గర పెడుతుంది. ఇటు ఉమామహేశ్వరి మాట్లాడుతూనే ఉంటుంది, అటు ఊపిరి వినిపిస్తుంది. "అమ్మకి తెలుస్తోంది ఆంటీ, ఐ థింక్," అంటుంది ఆ పిల్ల. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు ఈయనకి అదొక శనివారం. మర్నాడు మిగిలిన బోర్డులు ముందు సీట్లో పెట్టుకుని, తనని వెనక కూర్చోబెట్టి గుడికి తీసుకెళ్ళాడు. దారిలో జగన్మోహన్ ఇంటి ముందు ఆగి దిగాడు. తనూ దిగబోతే తలుపు రాలేదు. మనవరాలు సాన్వి వచ్చినప్పుడు వెనక తలుపులకి చైల్డ్ లాక్ పెట్టాడు, పిల్ల వెళ్ళి ఎన్నాళ్ళయినా తియ్యలేదు, బయటి నుంచి తీస్తేనే వస్తుంది. గాజు మీద కొట్టింది. జగన్మోహన్‌తో మాట్లాడుతూనే ఆయన ఇటు చెయ్యి చూపించాడు, ఆగు అని. ఆగింది.

"దిగు," అన్నాడు. సిటీ హాల్ వచ్చేసింది. అంచున కారు ఆపాడు, ఇంజన్ ఆపలేదు. "నేనిక్కడే ఉంటా, పార్కింగ్ ఎందుకు. అదిగో పెట్టె. రెండూ వేసి రా. చినుకులు పడుతున్నాయి, త్వరగా." దిగింది. చినుకులు నుదుటి మీద చల్లగా తగిలాయి. పెట్టె ఇక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేంత. పెట్టె పక్కనే చెత్త డబ్బా. ఉమామహేశ్వరి చేతిలో రెండు కవర్లు, ఒకటి ఆయన సంతకం, ఒకటి తన సంతకం, ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఒక్క క్షణం పట్టదు. ఆయనది చెత్తలో, తనది లోపల విజయశ్రీ చెప్పిన బల్ల మీద. ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్ళు ఆయన తనది మింగితే తెలిసిందా ఎవరికైనా? ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది, నిజంగా, ఈ రెండేళ్ళలో ఇంత హాయి తనకి ఏదీ అనిపించలేదు. పారేస్తే ఆయన ఓటు లేదు, తనది ఉంటుంది. పారెయ్యకపోతే ఆయనది బస్సు వద్దంటుంది, తనది కావాలంటుంది, రెండూ చెల్లు. ఏడ్చినట్టుంది. కానీ ఆయన ఓటు తను మింగితే ఇంక ఆయన్ని తిట్టుకోవడానికి తనకి మిగిలేదేముంది? ఇంత కోపాన్ని ఒక కవరుకి అమ్ముకోవడం ఇష్టం లేకపోయింది. ఆయన కవరు చేతిసంచిలో పెట్టుకుంది. తన కవరు పట్టుకుని, పెట్టె దాటి, మెట్లెక్కి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. వెనక హారన్ ఒక్కసారి పొట్టిగా మోగింది.

లోపల తడి గొడుగుల వాసన, కాఫీ వాసన. బల్ల వెనక నెరిసిన జుట్టావిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. ఉమామహేశ్వరి కవరు బల్ల మీద పెట్టి, ఇది వద్దు, నాకు కొత్తది కావాలి, ఇక్కడే నింపుతాను, అంది. తన గొంతు తనకే కొత్తగా, కాస్త పెద్దగా వినిపించింది. కార్డు అడిగారు, ఆ పనికిరాని కార్డే, ఇక్కడ పనికొచ్చింది. పేరు పలకబోయి ఆవిడ సగంలో ఆగిపోతే, ఉమ చాలు అంది. ఒక కాయితం మీద సంతకం పెట్టమన్నారు, తన ఇష్టంతోనే పాత ఓటు వెనక్కి ఇస్తున్నట్టు. తన ఇష్టంతోనే అన్న మాటని వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఆ కవరు మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పడేశారు. విశ్వనాథం పేపరు పరుచుకుని అంత నీటుగా నింపిన గడులు. కొత్త కాయితం ఇస్తూ కళ్ళజోడావిడ, "మీరు విజయ స్నేహితురాలా? చీర చూసి అడుగుతున్నాను. ఈ కుర్చీ తనదే. ఎలా ఉంది?" అంది. టెక్సస్‌లో ఉందని చెప్పింది. "చెప్పకుండా వెళ్ళిపోయిందే," అందావిడ. నాకు కూడా చెప్పలేదు, అందామనుకుంది ఉమామహేశ్వరి. కాదు, తనకి అంకిత చెప్పింది. తనే వెళ్ళలేకపోయింది. వెళ్ళనివ్వలేదు.

అట్టముక్కలు అడ్డం పెట్టిన చిన్న బల్ల దగ్గర నిలబడింది. పెన్ను గొలుసుతో కట్టి ఉంది. ముందు కింద ఉన్నదానికే వెళ్ళింది. బస్సు, అవును. నల్లసిరా గడి దాటి బయటికి పోయింది, పోనీ, నిండింది కదా. మళ్ళీ మళ్ళీ దిద్దింది, కాయితం చిరుగుతుందేమో అన్నంత. తర్వాత పైకి వచ్చింది. జగన్మోహన్ పేరు. పొట్టి చేతుల కోటు, తడి బూట్లు, తలొంచుకుని ముద్ద కలుపుకోవడం. ఇంకో ముద్ద వెయ్యనా అంటే చాలు వదినా అంటూనే పళ్ళెం ముందుకి జరపడం. ఆ కుర్రాడు ఈ కాయితం మీద ఉంటే కళ్ళు మూసుకుని వేసేది. లేడు. వాడి పేరు పెట్టుకుని ఇంకెవడో నిలబడ్డాడు. దాని కింద తెల్లావిడ, భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తూ. బస్సు కావాలనే మనిషి కదా, వెయ్యచ్చు, వెయ్యాలి కూడానేమో. పెన్ను ఆ గడి మీదకి వెళ్ళింది, ఆగింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళిద్దరిలో ఒక్కరు, ఒక్కసారి, తన మొహం చూసి నీ ఓటు నాకివ్వు అని అడిగారా? ఒకడు అన్నయ్యని అడిగి లెక్క వేసుకున్నాడు, ఒకావిడ మీ ఆయన ఉన్నారా అంది. అడక్కుండా వండి వడ్డించిన రోజులు అయిపోయాయి. రెండు గడులూ ఖాళీగా వదిలేసి కాయితం తీసుకెళ్ళి యంత్రంలో పెట్టింది. గుటుక్కున మింగింది. ఓటేశానని రాసున్న స్టిక్కరు ఒకటి ఇచ్చారు, సంచిలో పడేసుకుంది.

బయటికొచ్చేసరికి విశ్వనాథం కిటికీ దించుకుని మెడ బయట పెట్టి చూస్తున్నాడు. "ఎక్కడికెళ్ళావ్? బాత్రూమా?" ఆవిడ పెట్టె దగ్గర ఆగింది. సంచిలోంచి ఆయన కవరు తీసి, ఆయన చూస్తుండగా, సందులోకి తోసింది. లోపల ఎక్కడో అట్టడుగున పడిన చప్పుడు. ఇన్నాళ్ళూ ఆయనకి రెండు ఓట్లు. ఇవాళ ఆయనకి ఉన్న ఒక్క ఓటునీ బస్సు దగ్గర తన ఓటు కొట్టేసింది, తన ఓటుని ఆయనది కొట్టేసింది, బస్సు వస్తుందో రాదో ఆ దేవుడికే తెలియాలి.

"ఒకటే వేశావు. రెండోది?"

"లోపల వేశాను."

"లోపలేంటి? నింపి ఇచ్చాను కదా."

"అది కొట్టేశారు. కొత్తది ఇచ్చారు. నింపాను."

వైపర్లు పొడి గాజు మీద కీచుమంటున్నాయి, వాన ఎప్పుడు ఆగిందో ఇద్దరూ చూసుకోలేదు. ఆయన మొహంలో కోపం కోసం వెతికింది, అది ఇంకా వచ్చినట్టు లేదు, దారి తెలియని వీధిలో తిరుగుతున్నవాడిలా ఉన్నాడు. "ఏం వేశావు?" అన్నాడు చివరికి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి తనని ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఎంత చిన్న ప్రశ్న. ఎప్పుడడిగినా చెప్పేది. పిండి చేతులు కడుక్కుని, పక్కన కూర్చుని, ఇదీ నా మాట అని చెప్పేది. ఇప్పుడు చెప్పబుద్ధి కాలేదు. బతికినంతకాలం చెప్పబుద్ధి అయ్యేలా కూడా లేదు.

"మరి జగన్‌కి ఏం చెప్పను?"

"ఒకటే లెక్కేసుకోమనండి."

ముందు తలుపు దాటి వెళ్ళి వెనక తలుపు తీసింది. "ముందు కూర్చో. వెనకెందుకు, పిచ్చా?" అన్నాడాయన మెడ తిప్పి. "పోనీండి," అంది, ఎక్కి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడింది, ఆయన గీసిన గొళ్ళెమే, మెత్తగా, గట్టిగా. కారు కదిలింది. ఆయన అద్దంలోంచి చూస్తున్నాడు, చూడనీ. ఇక్కణ్ణుంచి ఆయన తల వెనకభాగం కనిపిస్తోంది, బట్టతల, చెవుల మీద వెంట్రుకలు. బస్సులో కూర్చుంటే డ్రైవరు ఇలాగే కనిపిస్తాడు కాబోలు. సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నీలం బోర్డులు ఒక్కొక్కటే వెనక్కి పోవడం చూస్తూ కూర్చుంది. ఇల్లొచ్చాక ఈ తలుపు లోపల్నుంచి రాదు. ఆయనే దిగి, చుట్టూ తిరిగొచ్చి, తియ్యాలి. తియ్యనీ.